ఆటిజం ఉన్న పిల్లాడికి సైకాలజీ టెస్టులు ఎప్పుడు చేయించాలి?

మీ బాబుకి ఐదున్నరేళ్లు, మూడో ఏట ఆటిజం అని తేలింది, కందుకూరులో స్పీచ్ థెరపీ నడుస్తోంది అన్నారు. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే ఐక్యూ రిపోర్ట్ తెమ్మని బడివాళ్లు అంటున్నారు, ఇప్పుడే చేయించాలా, ఆగాలా అన్నది మీ ప్రశ్న. మాది కావలి. మా అబ్బాయికిప్పుడు పన్నెండేళ్లు. మేం పడి తెలుసుకున్నది చెబుతాను.

ముందు బడి సంగతి. అడ్మిషన్ కోసం పిల్లలకు పరీక్షలు పెట్టి వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో 13వ సెక్షన్ చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి వైకల్యం పేరు చెప్పి వివక్ష చూపకూడదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. రిపోర్ట్ లేకపోతే సీటు లేదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. చేర్చుకున్నాక వాడికి పాఠం ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి అడుగుతున్నారంటే మాత్రం సంతోషించాల్సిందే.

నేనైతే ఏ టెస్టుకైనా ముందు ఒకటే చూస్తాను. రిపోర్ట్ చేతికొచ్చాక ఇంట్లోగానీ బడిలోగానీ థెరపీలోగానీ ఏం మారుస్తాం? దీనికి జవాబుంటే వెళ్లొచ్చు. బంధువులు అడుగుతున్నారని, పక్కింటివాళ్లు చేయించారని వెళ్లొద్దు.

మా వాడికి ఐదో ఏట చెన్నైలో ఒకచోట ఐక్యూ చూశారు. వాడికి వచ్చిన నాలుగు మాటలూ తెలుగే. అక్కడేమో ఇంగ్లీషులో, మధ్యమధ్య తమిళంలో అడిగారు. పొద్దున్నే రైల్లో వెళ్లిన అలసట, కొత్త గది, కొత్త మనిషి. పిల్లాడు పైన తిరిగే ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికే ఒక అంకె వేసి పంపించేశారు. ఆ అంకె చూసి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అది మా బిడ్డ తెలివి కొలిచిన అంకె కానే కాదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఏడో ఏట నెల్లూరులో తెలుగు మాట్లాడే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర మళ్లీ చేయించాం. ఆవిడ తొందరపడలేదు, రెండు పూటలుగా చేశారు, మధ్యలో వాణ్ణి ఆడుకోనిచ్చారు. నోటితో జవాబు చెప్పాల్సిన చోట బాగా వెనకబడ్డాడు. రంగుల బొమ్మలో తప్పిపోయిన ముక్కను వెతికే రేవెన్స్ టెస్టులో మాత్రం వయసుకు తగ్గట్టే చేశాడు. రెండూ కలిపి ఒకే అంకెగా చెప్పకుండా ఆ తేడా ఏమిటో రిపోర్టులో విడమరిచి రాశారు. అది చదివాకే వాళ్ల టీచర్ నోటితో చెప్పేదాన్ని బొమ్మగా, రాతగా బోర్డు మీద పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే లెక్కలు అందుకున్నాడు.

మాటలు సరిగా రాని చిన్నపిల్లల్లో ఐక్యూ నిలకడగా ఉండదు. మన దగ్గర ఎక్కువగా వాడే మాలిన్స్ అనే ఐక్యూ టెస్టు ఆరేళ్లు నిండాకే పనికొస్తుంది. బినే-కామత్ టెస్టు మూడేళ్ల నుంచీ చేస్తారు గానీ అందులో మాటల పనే ఎక్కువ. అందుకే మీ బాబుకి ఐక్యూ తొందర లేదనుకుంటున్నాను.

ఇప్పుడే చేయించాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి ఐఎస్‌ఏఏ. సికింద్రాబాద్‌లో ఇప్పుడు నీపిడ్ అంటున్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసింది, ఆటిజం ఎంత తీవ్రంగా ఉందో కొలిచే ఈ స్కేలులో 40 అంశాలు ఉంటాయి, మనల్ని అడిగీ పిల్లాణ్ణి గమనించీ మార్కులు వేస్తారు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌కి ఇది కావాలి. దాంతో దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా వస్తాయి. నిరామయలో లక్ష రూపాయల దాకా కవరేజీ, థెరపీ ఖర్చులూ అందులో ఉంటాయి. రెండోది వైన్‌ల్యాండ్ స్కేలు. తినడం, బట్టలు వేసుకోవడం, నలుగురిలో మెలగడం ఏ వయసు స్థాయిలో ఉన్నాయో చెబుతుంది. థెరపీలో ముందేది నేర్పాలో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు. వినికిడి పరీక్ష ఇంతవరకూ కాకపోతే అన్నిటికన్నా ముందు అదే.

ఒక్క విషయం మాత్రం మరిచిపోవద్దు. వచ్చిన మాటలు ఉన్నట్టుండి పోయినా, కొత్తగా తల కొట్టుకుంటున్నా, రాత్రిళ్లు ఏడుస్తున్నా సైకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం మన పిల్లలు చెప్పలేరు. ఆటిజం ఉన్నవాళ్లలో ఫిట్స్ కూడా మామూలు పిల్లలకన్నా ఎక్కువ. మా వాడు ఒక దశలో చెంపలు కొట్టుకుంటుంటే అందరూ ప్రవర్తన అన్నారు, చూస్తే పుచ్చిన దవడ పన్ను.

ఏడెనిమిదేళ్లకు చదవడం, రాయడం బాగా వెనకబడితే వివరంగా టెస్ట్ చేయించండి. యుక్తవయసులో దిగులు, భయం కనిపించినా అంతే. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు కావాలంటే ఎనిమిదిలోనే కాగితాలు సిద్ధం చేసుకోవడం మేలు.

నెల్లూరులో సీఆర్సీ అనే దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం ఉంది, నీపిడ్ కిందే నడుస్తుంది. మీకు దగ్గర, ముందు అక్కడికి ఫోన్ చేయండి. ప్రైవేటుకి వెళ్తే ఈ రంగం నిపుణులను నమోదు చేసే ప్రభుత్వ మండలి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి, తెలుగులో చేస్తారా అనీ అడగండి. వాడు హుషారుగా ఉండే పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి. థెరపీ ఫైలు, బడి నోటుపుస్తకాలు, ఇంట్లో వాడు ఆడుకునేటప్పుడు తీసిన వీడియోలు వెంట పెట్టుకోండి. అక్కడ చేయనిది ఇంట్లో చేస్తాడు, అది వాళ్లు చూడాలి.