ర్యామ్ కొనేముందు పాత స్టిక్కు మీది స్టికర్ చదవండి

2014 నాటి ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే నత్తనడక. ఇంకో 4 జీబీ సొంతంగా వేసుకోవచ్చా అని కదా మీ ప్రశ్న. వేసుకోవచ్చు. బిగించడం పెద్ద పనేం కాదు, కొనేటప్పుడే పప్పులో కాలేస్తాం. నేనైతే వేశాను.

నాదీ ఇంచుమించు ఆ కాలం మెషీనే, ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్. దాని ర్యామ్ డీడీఆర్3 రకమని తెలుసు కదా అని డీడీఆర్3 స్టిక్కు (ర్యామ్ చిప్పులుండే చిన్న పలక) కొనేశాను. బిగించి పవర్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండిపోయింది. మదర్‌బోర్డు కాల్చేశానేమోనని ఒకటే టెన్షన్. కొత్తది తీసేస్తే మామూలుగా ఆన్ అయింది. అప్పుడు రెండు స్టిక్కులూ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాని మీద ‘పీసీ3ఎల్-12800ఎస్’, కొత్తదాని మీద ‘పీసీ3-12800ఎస్’. ఒక్క ‘ఎల్’ తేడా!

మామూలు డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి. ఎల్ ఉన్నది 1.35 వోల్టులతో నడుస్తుంది. నా ల్యాప్‌టాప్ ఆ తక్కువ వోల్టేజీ మాత్రమే ఇస్తుంది. ఎల్ రకం స్టిక్కయితే 1.5 వోల్టుల పాత మెషీన్లలోనూ మామూలుగా పనిచేస్తుంది, కాబట్టి అనుమానంగా ఉంటే ఎల్ ఉన్నదే తీసుకోండి. తర్వాతి తరం ర్యామ్ అయిన డీడీఆర్4 జోలికి మాత్రం వెళ్లొద్దు, దాని పిన్నులు 260, మీ స్లాటుకి 204. అసలు దూరదు.

కొనకముందే ఇంకొకటి చూసుకోండి. మెషీన్ నెమ్మదించిన సమయంలో విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. మెమరీ 90 శాతం దగ్గర ఉంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. సగమే నిండి, డిస్కు మాత్రం 100 చూపిస్తుంటే ర్యామ్‌కి డబ్బు తగలేయకండి, హార్డ్ డిస్కు తీసేసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసుకోండి. నిజం చెప్పాలంటే నా ల్యాప్‌టాప్‌కి ర్యామ్ కంటే ఎస్ఎస్‌డీతోనే ఎక్కువ ప్రాణం వచ్చింది. ఎన్ని స్లాట్లు వాడకంలో ఉన్నాయో కూడా అదే పేజీలో కనిపిస్తుంది. కొన్ని పలుచటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, అందుకని వెనక మూత తీసి కళ్లతో చూసుకోవడమే మేలు. మీ మోడల్ ఎంతవరకు తీసుకుంటుందో తయారీదారు మాన్యువల్‌లో ఉంటుంది. విండోస్ 32 బిట్‌ది అయితే మాత్రం ఎంత పెట్టినా 4 జీబీ దాటి వాడుకోదు.

ఇక బిగించడం. స్లీప్ కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, బ్యాటరీ తీసేసి, పవర్ బటన్‌ని ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. స్టిక్కుని అంచులతోనే పట్టుకోండి, బంగారు రంగు పిన్నుల్ని ముట్టుకోవద్దు. దాని గాడి స్లాటులోని బొడిపెకు సరిపోయేలా ఏటవాలుగా దూర్చి, తర్వాత కిందికి నొక్కాలి. ఇక్కడ నాకు రెండో దెబ్బ తగిలింది. సరైన స్టిక్కు వేశాక కూడా 4 జీబీయే చూపించింది. మళ్లీ మూత తీస్తే, ఒక పక్క క్లిప్పు పట్టింది, రెండో పక్క పట్టలేదు, బంగారు గీత ఓ మిల్లీమీటరు బయటికి కనిపిస్తోంది. భయపడి మెత్తగా తోశానన్నమాట. బయటికి తీసి, రెండు బొటనవేళ్లతో లోపలిదాకా తోసి నొక్కితే రెండు వైపులా ‘టక్’ మంది. 8 జీబీ వచ్చింది. ఆ రాత్రి ర్యామ్ బాగుందో లేదో పరీక్షించే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ కూడా ఒకసారి నడిపించాను, మీరూ నడిపించండి.

ఆ తప్పు స్టిక్కంటారా, ఇంట్లో మూలన పడున్న ఇంకా పాత ల్యాప్‌టాప్‌లో పెడితే నోరెత్తకుండా పనిచేసింది.