రాజీనామా రాసే ముందు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పొద్దున ఏడింటికి కాలేజీకి వెళ్తే రాత్రి స్టడీ అవర్ అయ్యేదాకా ఇంటిమొహం చూడటం లేదనీ, ఇంటర్‌లో మార్కుల కోసం అందరూ సంస్కృతం తీసుకుంటే నీ తెలుగు క్లాసులో పదిమందే మిగిలారనీ, ఈ ఉద్యోగం నీ కవిత్వాన్ని తినేస్తోందనీ రాశావు. ఆ అలసట నాకు తెలుసు. కానీ కవిత్వం కోసం పాఠం చెప్పడం మానేస్తానంటే మాత్రం ఒప్పుకోను.

కవి పాపినేని శివశంకర్ గారిని చూడు. 1953లో నెక్కల్లులో పుట్టారు, ఇప్పుడు అమరావతి రాజధాని కిందికి వచ్చిన ఊళ్ళలో అదొకటి. తాడికొండ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా, తర్వాత ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. మొదటి కవితా సంపుటి 1984లో వచ్చింది, కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన 'రజనీగంధ' 2013లో. అవార్డు 2016లో, అంటే అరవై దాటాక. ఇంకో సంగతి, నాకైతే అవార్డు కన్నా ఇదే పెద్దదనిపిస్తుంది: 1990 నుంచి వాసిరెడ్డి నవీన్ గారితో కలిసి ఏటేటా పత్రికల్లో వచ్చిన కథల్లోంచి మంచివి ఏరి 'కథ' సంకలనాలు తెచ్చారు. పాఠాలు చెప్పుకుంటూ, తన కవితలు రాసుకుంటూ, ఇంకొకళ్ళ కథల్ని అంత ఓపిగ్గా చదవడం మాటలు కాదు. ఈ ఏడాది నువ్వు ఎన్ని కొత్త పుస్తకాలు చదివావో నాకు రాయి.

నా సంగతీ చెప్తాను. గుంటూరులో తొమ్మిదో తరగతికి చెప్పే రోజుల్లో మిర్చి యార్డు మీద ఒక కవిత రాశాను, నేలంతా ఎర్ర తివాచీ పరిచినట్టుందని. ఉత్సాహం ఆపుకోలేక క్లాసులో చదివి వినిపించాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మా అమ్మ అక్కడ తొడిమలు తీస్తది సార్, రాత్రి చేతులు మండి నిద్రపోదు, కొబ్బరినూనె రాసుకుని ఫ్యాను కింద పెట్టుకుని కూర్చుంటది" అంది. ఫిర్యాదులా కాదు, లెక్క సరిచేసినట్టు అంది. ఆ రాత్రి కవితలో తివాచీ మాట కొట్టేశాను. ఆ చేతుల గురించి రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, ఇప్పటికీ నా పేరు చెప్తే ఎవరైనా తలుచుకునేది ఆ ఒక్క కవితే. నేను ఇంట్లో కూర్చుని రాసుకుంటూ ఉంటే ఆ మాట నా చెవిన పడేదా?

నువ్వు పంపిన కవితలో కృష్ణమ్మకి వెండి చీర కట్టావు. చదవడానికి బాగుంది, కానీ ఆ చీర మనవాళ్ళు చాలామంది కట్టేశారు. నీ పదిమందిలో విజయవాడ సింగ్‌నగర్ పిల్లలు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వాళ్ళ ఇళ్ళల్లోకి వచ్చింది కదా, నీళ్ళు తీసిన తర్వాత ఇంటికెళ్ళి ముందు ఏం వెతుక్కున్నారో అడుగు. తొందరపెట్టకు, చెప్పిందే విను, నోట్సు వాళ్ళ ముందు రాయకు.

ఈ ఆదివారం ఖాళీ చేసుకుని గుంటూరు రా, మీ వదిన కూడా అడుగుతోంది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి తీసుకురా, కవితలా లేకపోయినా పర్లేదు, కూర్చుని చూద్దాం.

మీ అన్న