మీ బాకీని బతికించేది ఆ 90 రోజుల షరతే, ఆ కాగితం ఎక్కడుంది?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు అట్టపెట్టెల తయారీ యూనిట్ ఉంది. హైదరాబాద్‌లో ఆహార పదార్థాలు తయారుచేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఏళ్లుగా సరుకు వేస్తున్నాం. దాని డైరెక్టరు నాకు సొంత అన్నలాంటివాడు, మా అమ్మాయి పెళ్లిలో అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. 2022 ఆగస్టు 20 నుంచి 2024 ఫిబ్రవరి వరకు వేసిన సరుకుకి రూ.18.60 లక్షలు రావాలి. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. పెట్టెలు తడిసి వచ్చాయని వాళ్ల మేనేజరు కొత్తగా అంటున్నాడు. 2022 జూన్‌లో ఇచ్చిన ఏడాది పీఓలో (కొనుగోలు ఆర్డరు) డెలివరీ నుంచి 90 రోజుల క్రెడిట్ అని రాశారు, అదే మా కొంప ముంచింది. పీఓ ఒరిజినల్ కనబడటం లేదు, ఫోన్‌లో ఫొటో ఉంది. 2023 జూన్ తరవాత ఆర్డర్లన్నీ ఫోన్‌లోనే. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) 2023 జూన్ 12న తీసుకున్నాం. అంతకుముందు బిల్లులే రూ.11.40 లక్షలు. ఆదాయపన్ను చట్టం 43బి(హెచ్) కింద ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకి రాస్తే డబ్బు వస్తుందా? మూడేళ్లు దాటితే బాకీ పోతుందట. మా దగ్గర పనిచేసే అబ్బాయి దగ్గర ఆ కంపెనీ రబ్బరు స్టాంపు ఉంది, 2024 మార్చి తేదీతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ (ఇంత బాకీ ఉందని వాళ్లు ఒప్పుకున్న కాగితం) తయారు చేసుకోవచ్చు అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, ఏం చేయమంటారు?

జవాబు: మీ మెయిల్ 2025 నవంబరు 3న వచ్చింది. ఆగే వీలు లేక మీకు అదే రోజు జవాబు రాశాను. ఇలాంటి బాకీలతో ఉన్న మిగతా వ్యాపారులకి పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పెళ్లి, స్నేహం, నమ్మకం ఇవేవీ కోర్టు చూడదు. మీ కేసంతా ఆ పీఓలో ఉన్న 90 రోజుల షరతు మీద ఆధారపడి ఉంది. అది మీ కొంప ముంచిందని మీరు అనుకుంటున్నారు. నిజానికి మీ పాత బాకీకి ఇంకా ప్రాణం ఉందంటే దానివల్లే. దావా వేయడానికి గడువు పెట్టే లిమిటేషన్ చట్టం ప్రకారం క్రెడిట్ గడువు ఏదీ లేకుండా అమ్మిన సరుకుకి డెలివరీ తేదీ నుంచి మూడేళ్లు, గడువు పెట్టి అమ్మితే ఆ గడువు ముగిసిన రోజు నుంచి మూడేళ్లు. 2022 ఆగస్టు 20 బిల్లుకి 90 రోజులు కలిపితే నవంబరు 18 అవుతుంది, అక్కడి నుంచి లెక్కేస్తే 2025 నవంబరు 18 దాకా దావాకి సమయం ఉంది. ఆ షరతు నిరూపించలేకపోతే ఆ బిల్లు 2025 ఆగస్టులోనే కాలదోషం పట్టినట్టు, సెప్టెంబరు, అక్టోబరు బిల్లులు కూడా దాని వెనకే పోయినట్టు. నవంబరు 18 దాటాక ప్రతి బిల్లు దాని దాని తేదీకి చచ్చిపోతుంటుంది. మొత్తం బాకీ ఒకే లెక్క అనుకోకండి, బిల్లు బిల్లుకీ విడిగా తేదీలు వేసుకోండి.

అలాంటి కాగితం ఒరిజినల్ కనబడటం లేదని మీరు తేలిగ్గా రాశారు. పదకొండు లక్షలు నిలబడే కాగితాన్ని ఫైల్లో పెట్టుకోకపోవడం ఏమిటండీ? ఈరోజే ఆఫీసంతా వెతికించండి. మీ బిల్లుల కింద క్రెడిట్ 90 రోజులని ప్రింటై ఉందేమో చూడండి, పీఓ మెయిల్‌లో కూడా వచ్చిందేమో మీ ఆడిటర్ని అడగండి. ఫొటో ఒక్కటే మిగిలితే ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి, ఆ చాట్ డిలీట్ చేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేస్తారు, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. ఒట్టి స్క్రీన్‌షాట్ ప్రింటు పట్టుకొస్తే సరిపోదు. గేటు స్టాంపు ఉన్న డెలివరీ చలానాలు, ఈ-వే బిల్లులు, జీఎస్టీఆర్-1 (మీ అమ్మకాల జీఎస్టీ రిటర్ను) అన్నీ ఒకచోట పెట్టండి. మీ బిల్లుల మీద వాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, సరుకు అందలేదనో బాగోలేదనో ఇప్పుడు చెప్పడం వాళ్లకి కష్టమవుతుంది.

ఇక ఆ రబ్బరు స్టాంపు సంగతి. దాన్ని ముట్టుకోవద్దు. ఆ అబ్బాయి సలహా వింటే ఈరోజు డబ్బు రావాల్సిన మనిషి రేపు క్రిమినల్ కేసులో ముద్దాయి అవుతాడు. వెనకటి తేదీతో దొంగ కన్ఫర్మేషన్ తయారు చేయడం భారతీయ న్యాయ సంహిత 336 కింద ఫోర్జరీ, దాన్ని అసలుదని కోర్టులో వాడటం 340 కింద ఇంకో నేరం. ఆ తేదీన తాను ఊళ్లో లేనని డైరెక్టరు నిరూపించినా, సంతకం నిపుణుడికి పంపమని అడిగినా మీ నిజమైన చలానాలని కూడా ఎవరూ నమ్మరు. ఆ స్టాంపు మీ దగ్గరికి ఎలా వచ్చిందో మీకే తెలియాలి, మీ మనుషుల దగ్గర అది ఒక్కరోజు కూడా ఉండకూడదు.

అదే కాగితం న్యాయంగా తెచ్చుకునే దారి ఉండగా దొంగతనంగా ఎందుకు? గడువు ముగియకముందే బాకీ ఉందని రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి (లిమిటేషన్ చట్టం సెక్షన్ 18). డైరెక్టరు అన్నలాంటివాడు అన్నారుగా, ఫోన్ ఎత్తకపోతే వెళ్లి కలవండి. డబ్బు అడగకండి, ఇంత బాకీ ఉంది అన్న ఒక్క సంతకం, ఆరోజు అసలు తేదీతో తీసుకోండి. గడువు దాటిన బిల్లు ఉంటే దానికి బాకీ ఉంది అనడం చాలదు, కడతాను అని రాసి సంతకం చేయాలి, కాంట్రాక్ట్ చట్టం 25(3) అంటే అదే. వాళ్లది కంపెనీ కాబట్టి ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్లో ఫీజు కట్టి వాళ్ల బ్యాలెన్స్ షీట్లు కూడా తీయించండి. బ్యాలెన్స్ షీట్‌లో ఒప్పుకున్న అప్పు ఇలాంటి అంగీకారం కాగలదని 2021లో బిషాల్ జైస్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ పేరు లేకుండా మొత్తం అంకె ఒక్కటే ఉంటే మాత్రం అది బలహీనం.

సంతకం దొరకదనిపిస్తే నవంబరు 18 దాకా ఆగొద్దు. రూ.3 లక్షలు దాటిన వాణిజ్య వివాదం కమర్షియల్ కోర్టుకి వెళ్లాలి. దావాకి ముందు మీడియేషన్ (మధ్యవర్తి ద్వారా రాజీ ప్రయత్నం) తప్పనిసరని 2022లో పాటిల్ ఆటోమేషన్ తీర్పు ఖాయం చేసింది. ఆ మీడియేషన్‌లో గడిచిన కాలాన్ని లిమిటేషన్ నుంచి మినహాయిస్తారు. కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఈ వారమే పడాలి. ఏ ఊరి కోర్టులో వేయాలన్న షరతు పీఓలో ఉందేమో మీ లాయరు చేత ముందు చదివించండి.

మిగిలిన రూ.7.20 లక్షల దారి వేరు, మీకు చాలా అనుకూలం కూడా. ఉద్యం వచ్చాక వేసిన సరుకు కాబట్టి 2006 ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు. ఫోన్ ఆర్డర్లకి ఒప్పందమే లేదు కాబట్టి సరుకు అందిన 15 రోజులకే గడువు అయిపోయింది. ఆపైన రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. మీ బిల్లుల కాలంలో బ్యాంక్ రేటు 6.75 శాతం, అంటే ఏడాదికి 20.25. తడిసిన పెట్టెల మాట వాళ్లు 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పారా? చెప్పకపోతే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. చిన్న సంస్థల బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లండి. సరఫరాదారు ఉన్న చోటి కౌన్సిల్‌కే అధికారం కాబట్టి హైదరాబాద్ కంపెనీ అయినా మీ రాష్ట్ర కౌన్సిల్‌కి రావాలి. కౌన్సిల్ ఇచ్చిన అవార్డు (తీర్పు) మీద వాళ్లు కోర్టుకి వెళ్లాలంటే ముందు అందులో 75 శాతం కట్టాలి. ఇక్కడా నిద్రపోవద్దు, కౌన్సిల్‌లో రాజీ ప్రయత్నానికి లిమిటేషన్ లేదు గానీ, రాజీ కుదరక తీర్పు ఇచ్చే ఆర్బిట్రేషన్‌కి ఉందని 2025 జూలైలో సోనాలీ పవర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పాత రూ.11.40 లక్షలు కూడా కౌన్సిల్‌లోనే వేసేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రిజిస్ట్రేషన్‌కి ముందు సరఫరాకి ఈ చట్టం లాభం రాదని 2021లో శిల్పి ఇండస్ట్రీస్, 2022లో మహాకాళీ ఫుడ్స్ తీర్పులు చెప్పాయి. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో ఇద్దరు జడ్జిలు వేరే అభిప్రాయం చెప్పి పెద్ద బెంచికి పంపారు. అది మీవైపు తేలుతుందన్న ఆశతో కూర్చుంటే ఈలోపు మీ బిల్లుల గడువు దాటిపోతుంది.

43బి(హెచ్) గురించి అడిగారు. 2023 ఫైనాన్స్ చట్టంతో వచ్చి 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆ క్లాజు మీకు డబ్బు వసూలు చేసి పెట్టదు. సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువులోగా కట్టకపోతే కొనుగోలుదారు ఆ ఖర్చుని ఆ ఏడాది చూపించుకోలేడు, నిజంగా కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి, అంతే. కొని అమ్మే ట్రేడర్లకి ఇది వర్తించదు, మీరు తయారీదారు కాబట్టి ఇబ్బంది లేదు. ఇన్‌కమ్ టాక్స్‌కి ఫిర్యాదు రాస్తే మీ ఖాతాలో రూపాయి పడదు. వాళ్లకి పంపే లాయరు నోటీసులో మాత్రం ఈ విషయం రాయించండి, 180 రోజుల్లో కట్టకపోతే జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలన్న సంగతి కూడా. డైరెక్టరు కదలకపోయినా ఆ రెండు పేరాలు చదివిన వాళ్ల ఆడిటరు కదులుతాడు, బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ బేరంలో వడ్డీ కొంత వదిలేసినా పర్లేదు, అసలుకి వాయిదాల తేదీలతో కంపెనీ సంతకం లేకుండా మాత్రం ఏ రాజీకీ ఒప్పుకోకండి.