బ్రిటన్ యూనివర్సిటీలో ఒక్క సెమిస్టర్ చాలా, ఏడాది ఉండాలా?

డిగ్రీ మధ్యలో బ్రిటన్ వెళ్లి చదివే అవకాశం వచ్చింది, సెమిస్టర్‌కి వెళ్లాలా ఏడాదికి వెళ్లాలా, అక్కడ మార్కులు తగ్గితే ఇక్కడి సీజీపీఏ ఏమవుతుంది అని అడిగారు. నేను ఎకనామిక్స్ డిగ్రీ చదువుతూ ఒక విద్యా సంవత్సరం ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో ఉండి వచ్చాను. డబ్బు సర్దుబాటయ్యే పనైతే ఏడాదికే వెళ్లండి.

అక్కడి చదువు తీరు ఒంటబట్టేసరికే మొదటి సెమిస్టర్ అయిపోతుంది. ఏడాదికి 120 క్రెడిట్లు, సెమిస్టర్‌కి 60. 20 క్రెడిట్ల మాడ్యూల్ (మన పేపర్ లాంటిది) అంటే సుమారు 200 గంటల పని అని లెక్క. అందులో క్లాసులో కూర్చునేది కొంచెమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులకు అలవాటుపడ్డ మనకు ఆ టైమ్‌టేబుల్ చూస్తే వారంలో సగం సెలవులే అనిపిస్తుంది. నిజానికి ఆ ఖాళీ గంటల్లోనే చదువంతా ఉంది. ప్రతి వారానికీ చదవాల్సిన పుస్తకాలు, వ్యాసాల జాబితా ముందే ఇస్తారు. ఎవరూ వెంటపడి చదివించరు. నా ఖాళీ గంటలు ఎక్కువగా అక్కడి యూనివర్సిటీ బ్రదర్టన్ లైబ్రరీలోని గుండ్రటి రీడింగ్ రూమ్‌లో గడిచాయి. ఆ గది అంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

చదివిన దాని మీద చిన్న గుంపుగా కూర్చుని చర్చిస్తారు, దాన్నే సెమినార్ అంటారు. రచయిత ఏమన్నాడో అప్పజెప్పితే సరిపోదు. ఆ వాదన ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ తేలిపోయింది, నీ అభిప్రాయమేంటి అని అడుగుతారు. ఒకసారి మా సెమినార్‌లో ఒక అమ్మాయి ట్యూటర్‌ని పేరు పెట్టి పిలిచి, మీరు చెప్పినదానితో నేను ఏకీభవించను అంది. ఆయన నొచ్చుకోలేదు సరికదా, ఆ గంటంతా ఆమె ప్రశ్న మీదే నడిపారు. మన దగ్గర లెక్చరర్‌తో అలా అనడం ఊహించుకోండి! నాకు నోరు పెగలడానికి నెల పైనే పట్టింది. ముందురోజు రాత్రే రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, క్లాసు మొదలవగానే ఒకటి అడిగేసేదాన్ని. ఆలస్యమైతే మన ప్రశ్న ఇంకెవరో అడిగేస్తారు, ధైర్యమూ పోతుంది. అధ్యాపకులు వారంలో కొంత సమయం విద్యార్థుల కోసమే కేటాయిస్తారు. ఆ సమయంలో వ్యాసం ప్రణాళిక పట్టుకెళ్లి చూపించండి. మొహమాటపడితే నష్టపోయేది మీరే.

ఇక మార్కులు. అక్కడ 70, ఆ పైన వస్తే ఫస్ట్ క్లాస్, 60 నుంచి 69 దాకా టూ-వన్ (సెకండ్ క్లాస్‌లో పై భాగం) అంటారు, 40 వస్తే పాస్. వ్యాసాల్లో 80 రావడం చాలా అరుదు. 64 వచ్చిందంటే బాగా రాసినట్టే. ఆ 64ను మీ కాలేజీ ఇక్కడి 64గానే వేసేస్తే మాత్రం అన్యాయమైపోతారు. మీ టెన్షన్‌కి అసలు మందు ఇదే: వెళ్లకముందే ఏ మాడ్యూల్ ఏ పేపర్‌కి బదులు, ఎన్ని క్రెడిట్లు ఇస్తారు, మార్కులు ఏ పట్టిక ప్రకారం మారుస్తారు అన్నవన్నీ కాగితం మీద పెట్టించుకోండి. హెచ్‌ఓడీ మాట ఒక్కటీ చాలదు, పరీక్షల విభాగం నుంచి కూడా తీసుకోండి. అక్కడికెళ్లాక టైమ్‌టేబుల్ కుదరక మాడ్యూల్ మార్చుకోవాల్సి రావచ్చు, కాబట్టి రెండు మూడు అదనంగా ఆమోదింపజేసుకోండి.

ఫీజు సంగతీ ముందే తేల్చుకోవాలి. రెండు యూనివర్సిటీల మధ్య ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉంటే మామూలుగా ఇక్కడి ఫీజే కడతారు. ఒప్పందం లేకుండా స్టడీ అబ్రాడ్ కింద వెళ్తే అక్కడి ఫీజు మీదే, అది లక్షల్లో ఉంటుంది.

వీసా విషయంలో ఆరు నెలలు గీత లాంటిది. అంతలోపు చదువైతే స్టాండర్డ్ విజిటర్ వీసా మీద వెళ్లొచ్చు. ఖర్చు తక్కువే గానీ ఒక్క గంట కూడా పనిచేయకూడదు, అక్కడుండగానే స్టూడెంట్ వీసాకి మారడమూ కుదరదు. అంటే సెమిస్టర్‌కని వెళ్లి, నచ్చింది కదా అని పొడిగించుకుందామంటే వెనక్కి వచ్చి మళ్లీ అప్లై చేయాల్సిందే. ఏడాదికైతే స్టూడెంట్ వీసా. దానికి అక్కడి యూనివర్సిటీ నుంచి క్యాస్ నంబర్ (మీకు సీటిచ్చినట్టు యూనివర్సిటీ ఇచ్చే ధ్రువీకరణ నంబర్), ఇక్కడ టీబీ పరీక్ష, ఆరోగ్య సర్‌ఛార్జి కింద ఏడాదికి 776 పౌండ్లు కావాలి. డిగ్రీ చదువుకైతే క్లాసులు జరిగే రోజుల్లో సాధారణంగా వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు, మీ వీసాలో ఏం రాశారో చూసుకోండి.

ఇల్లు యూనివర్సిటీ హాస్టల్లోనే తీసుకోండి. బయట చాలామంది ఓనర్లు బ్రిటన్‌లో ఉండే గ్యారంటర్‌ని అడుగుతారు, కొన్ని నెలలకే ఇవ్వడానికి ఇష్టపడరు. అందరూ తెలుగువాళ్లే ఉన్న ఫ్లాట్ కోసం మాత్రం వెతకొద్దు. ఇల్లు గుర్తొచ్చినప్పుడు మనవాళ్లు తోడుండడం ఎంత ఊరటో నాకు తెలుసు, వాళ్లను వారాంతాల్లో కలవండి. వంటగది పంచుకునేది వేరే దేశాలవాళ్లతో అయితేనే ఇంగ్లిష్ ధారాళంగా వస్తుంది, సెమినార్‌లో భయం పోతుంది.

సెప్టెంబరులో వెళ్లి జనవరిలో తిరిగొచ్చేసేవాళ్ల గురించి నాకు బాధ అనిపించేది. డిసెంబరులో లీడ్స్‌లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. వాళ్లు చలి, చీకటి, వ్యాసాల గడువులు, పరీక్షలు చూసి వెళ్లిపోతారు. మే నెలలో రాత్రి తొమ్మిదైనా వెలుతురుంటుంది, పార్కుల నిండా విద్యార్థులే, అప్పటికి స్నేహాలూ కుదురుకుంటాయి. రెండో సెమిస్టర్‌లో నా వ్యాసాలకు మార్కులు పెరిగాయి, మొదటిసారి ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ అప్పుడే పనికొచ్చింది. డబ్బు వల్ల ఒక్క సెమిస్టర్‌కే కుదిరితే, జనవరిలో మొదలయ్యేది అడిగి చూడండి. మీ కాలేజీ పరీక్షల తేదీలతో ఢీకొంటుందేమో మాత్రం ముందు సరిచూసుకోండి.

మీ మాడ్యూళ్ల జాబితా కింద పెట్టండి. ఎకనామిక్స్‌వి అయితే ఏది భారీగా ఉంటుందో, ఏది మొదటి సెమిస్టర్‌కి నయమో చూసి చెప్తాను.