క్రాంకు చూశాకే మాట్లాడు, అల్లుడూ

అల్లుడూ,

మొగల్తూరు చెరువు మీద పొక్లెయిన్ పొగ కక్కుతోందనీ, ఇంజను దింపేసి విజయవాడ ఆటోనగర్ నుంచి పాతది తెచ్చి ఎక్కించేస్తాననీ అన్నావు. తొందరపడకు. ముందు పొగ రంగు చూడు. నల్లగా వస్తే డీజిలు చల్లే నాజిళ్ళో, ఎయిర్ ఫిల్టరో, గాలి తోసే టర్బోనో చూపించు. దానికోసం ఇంజను విప్పక్కర్లేదు. నీలంగా వస్తూ ఆయిలు తాగుతుంటే, ఇంజను లోపలి ఆవిరి బయటికి వదిలే బ్రీదర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టు. వేడిపొగ గుప్పుగుప్పున తన్నిందా, పిస్టన్లు ఆడే బోరు అరిగినట్టే.

అప్పుడు విప్పించు. బోరులో కూర్చునే లైనర్లు, పిస్టన్లు, రింగులు కిట్టుగా దొరుకుతాయి, వాటికి బెంగ లేదు. బాగుచేయాలా, మార్చాలా అని తేల్చేవి పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకూ, ఇంజను ఒళ్ళు బ్లాకూ. క్రాంకు మీద బేరింగులు కూర్చునే నున్నటి భాగమే జర్నల్. జర్నల్‌ని డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, గోరు ఈ చివర్నించి ఆ చివరికి లాగు. ఎక్కడైనా తగుల్కుంటే గ్రైండింగ్ తప్పదు. లేతువాళ్ళు పది, ఇరవై, ముప్పై అంటారే, అవి క్రాంకుని అరగదీసే కొలతలు, అంటే 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు. ఇప్పటికే ముప్పైకి వచ్చేసిన క్రాంకు మీద నేనైతే రూపాయి పెట్టను. మైక్రోమీటరు నీ ఎదురుగానే పెట్టించు, పగుళ్ళ టెస్టు కూడా చేయించు.

ఒకసారి నేను భీమవరం దగ్గర పనిలో ఉండగా కిట్టు వేయించి, క్రాంకు బాగానే ఉందిలే అని కొలవకుండా బిగించేశాను. రెండు నెలలకి బేరింగు పట్టేసి, పిస్టన్‌ని క్రాంకుకి కలిపే రాడ్డు బ్లాకుని పొడుచుకుని బయటికొచ్చింది. ఆ వేసవి చెరువుల పనంతా చేజారిపోయింది. బ్లాకు చిల్లిపడితే ఇంక వేరే ఇంజనే గతి.

పాత లైనర్లు చూడకుండా పారేయకు. బయటి వైపు గుండుసూదితో గుచ్చినట్టు గుంటలుంటే, అది కూలెంటు లేకుండా నడిపిన ఫలితం. మనవాళ్ళు రేడియేటర్లో చెరువునీళ్ళు బకెట్టుతో పోసేస్తారు. ఆ ఉప్పునీళ్ళు నువ్వు తెచ్చే ఇంజనునీ తినేస్తాయి, డ్రైవరుకి గట్టిగా చెప్పు.

ఆటోనగర్ ఇంజనే కావాలంటే, చల్లగా ఉన్నప్పుడు నీ ముందే స్టార్టు చేయమను. ముందే వేడిచేసి ఉంచితే ఒప్పుకోకు. కింద ఆయిలు ఉండే సంపు విప్పించి ఒక బేరింగు టోపీ తీయించు. తీయనంటే వచ్చేయ్.

ఖర్చంటావా, బాగుచేతకి అయ్యేదీ, పని ఆగిన రోజుల అద్దే కలిపి కంపెనీ ఇంజను ధరలో సగం దాటితే కొత్తదే కొను. నా లెక్క అది.

కాలవలు కట్టేస్తే పూడికతీత పనులు మొదలవుతాయి, ఆలోగా మిషను లేవాలి. విప్పిన రోజే క్రాంకు కొలతలు నాకు పంపు. అక్కని అడిగానని చెప్పు.

మావయ్య