బుజ్జమ్మకు, పాత లెన్సుల పెట్టె గురించి

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, అది నీ పాత లెన్సులు అడుగుతోంది, కనుమకి జగ్గన్నతోటలో, దేవుణ్ణి భుజాల మీద మోసుకొచ్చే ఆ ఎత్తైన ప్రభల్ని ఫొటోలు తీస్తుందట" అన్నాడు. "ఊఁ" అని ఊరుకున్నాను. పెట్టేశాక నిద్ర పడితేనా! పన్నెండింటికి అటకెక్కి పెట్టె దింపాను. ఈ వయసులో నిచ్చెనేంటని మీ పెద్దమ్మ చీవాట్లు పెట్టింది. నా దగ్గరున్న చెత్త కావాలని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయింది చెప్పు.

చిన్నవి ముందు చెప్పేస్తా. నీ సోనీ కెమెరా మెనూలో లెన్స్ లేకపోయినా షట్టర్ పడనిచ్చే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చెయ్యి. లేకపోతే నా లెన్సు తగిలించినా లెన్సే లేదంటుంది. నీకిచ్చేది నా నికాన్ 105 మిల్లీమీటర్ల లెన్సు, అందుకని చెయ్యి వణుకుని సరిచేసే స్టెడీషాట్‌లో 105 అని నువ్వే కొట్టు, పాత లెన్సు తనంతట తాను కెమెరాకి చెప్పలేదు. నీది చిన్న సెన్సారు కాబట్టి 105 కాస్తా దాదాపు 158లా కనిపిస్తుంది, అందుకని ఇంకో నాలుగడుగులు వెనక్కి నిలబడాలి. వెలుతురు వచ్చే రంధ్రం, అదే అపర్చర్, 2.5లో పూర్తిగా తెరిచి, బొమ్మని పెద్దది చేసి ఫోకస్ చూసుకుని, ఆ తర్వాతే 5.6కో 8కో తిప్పు. ఫోకస్ కుదిరిందని తెరమీద అంచుల్లో మెరిసే ఎర్రగీతల్ని నమ్ముకోకు. అపర్చర్ మూసేకొద్దీ అవి ప్రతిదాని మీదా మెరుస్తాయి. లెన్సు ముందు నీడకి తగిలించే హుడ్ మర్చిపోకు, గాజు మీది పాత కోటింగులు ఎదురెండకి ఆగవు. కాలవ నీళ్ళ తళుకు సంగతి నీకు వేరే చెప్పాలా.

పెట్టెలో ఉన్న 50 మిల్లీమీటర్ల నికాన్ లెన్సు నేను పని నేర్చుకున్న స్టూడియో యజమాని ఇచ్చింది, 1977కి ముందుది. నీ దానికి, మధ్యలో బిగించే అడాప్టర్ రింగుతో భేషుగ్గా ఎక్కుతుంది. నీ స్నేహితురాలి నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి మాత్రం సరదాకి కూడా తగిలించకు. ఆ కాలపు రింగు అంచు చాలా బాడీల మీదుండే చిన్న మీటని విరిచేస్తుంది. తర్వాత ఆ పిల్లకి నువ్వే డబ్బు కట్టుకోవాలి.

రష్యా హీలియోస్ లెన్సు కూడా కొంటావట, వెనకాల ఆకులన్నీ సుడి తిరుగుతాయని. కొనుక్కో. గోదావరి ఒడ్డున పుట్టినదానివి, సుడులకి డబ్బు పొయ్యడమెందుకో నాకర్థం కాదు. కొనేముందు మాత్రం వెనకనుంచి టార్చి వేసి చూడు. సాలెగూడులాంటి తెల్లపోగులు కనబడితే అది బూజు, ఊరికే ఇచ్చినా తేకు.

ఎందుకంటున్నానో చెబుతా. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను, నువ్వు పుట్టలేదు. తెల్లారేసరికి కొబ్బరితోటలు దువ్వెనతో దువ్వినట్టు పడి ఉన్నాయి. అప్పట్లో చెక్కపెట్టెలో జీరోవాట్ బల్బు వెలిగించి లెన్సులు పెట్టేవాణ్ణి. ఆ వెచ్చదనానికి చెమ్మ చేరేది కాదు. కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. ఇల్లు కప్పుకోవడం, తడిసిన ధాన్యం ఆరబెట్టుకోవడం, వీటిలో లెన్సులు ఎవడికి గుర్తు? 105 పైగా తోలుకేసులో ఉంది. డిసెంబర్లో తీసి చూస్తే లోపలి గాజుకి బూజు.

లెన్సు ముందున్న రింగు విప్పి గాజు తుడిస్తే సరిపోయేది. తుడిచాను, బూజు పోయింది. అక్కడితో ఆగానా? ఫోకస్ రింగు బిగుసుకుంది, గ్రీజు కూడా మార్చేద్దామనుకున్నాను. హెలికాయిడ్ విప్పేశాను. ఒకదాంట్లో ఒకటి తిరిగే రెండు గొట్టాలమ్మా అది. మామూలు సీసా మూతకి మర ఒకచోటే మొదలవుతుంది. దీనికి చుట్టూ చాలాచోట్ల మొదలవుతుంది. రెండూ విడిపోయే చోట సూదితో గీత పెట్టుకోవాలి. పెట్టుకోలేదు. తిరిగి ఎక్కించేటప్పుడు ఎక్కడ పెట్టినా ఎక్కుతుంది, హాయిగా తిరుగుతుంది కూడా. సరైన చోటు మాత్రం ఒక్కటే. వెన్నలా తిరుగుతోందని మురిసిపోయాను.

ఆ కనుమకి గంగలకుర్రు ప్రభ ఎగువ కౌశిక కాలవలో దిగుతోంది. కుర్రాళ్ళు గుండెల్లోతు నీళ్ళలో, భుజాల మీద ప్రభ, ఒడ్డుమీద జనం అశ్శరభ శరభ అంటున్నారు. ఎదుటి గట్టున నేను. రింగు చివరిదాకా, అనంతదూరానికి గుర్తైన ఆ పడుకున్న ఎనిమిది దాకా తిప్పేశాను. ఫోకస్ కుదిరితే వ్యూఫైండర్ మధ్యలో రెండు ముక్కలూ కలిసి ఒకటవ్వాలి, ప్రభ గడ రెండు ముక్కలుగానే ఉంది, కలవట్లేదు. కళ్ళు తుడుచుకున్నాను. కలవలేదు. రాత్రి నిద్ర లేదు కదా, నా కళ్ళదే తప్పనుకుని రీలు మొత్తం కొట్టేశాను.

ముప్పై ఆరు ఫొటోలకి ముప్పై అయిదు పలచటి మజ్జిగ. లెన్సు ఇరవై అడుగుల అవతల ఏదీ చూడలేకపోయింది. నా గట్టు పక్కనే తాడు పట్టుకుని నీళ్ళలో నిలబడ్డ కుర్రాడొక్కడు వచ్చాడు, మీసాల మీద నీటిచుక్కలతో సహా. అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను. ఆ కుర్రాడు మాత్రం తనది రెండు కాపీలు పట్టుకుపోయాడు. అది నా గొప్ప కాదు, వాడి అదృష్టం. 105ని తర్వాత రాజమండ్రిలో ఒక మెకానిక్ సరిచేశాడు. రింగు అప్పటినుంచీ కొంచెం బిగువే.

నీ అడాప్టర్ దగ్గర నా భయం ఇదే. నికాన్‌లో లెన్సు తగిలించే చోటు, అదే మౌంటు, నుంచి ఫిల్ముకి దూరం 46.5 మిల్లీమీటర్లు, నీ సోనీలో మౌంటు నుంచి సెన్సారుకి 18. తేడా 28.5, అడాప్టర్ మందం అంతే ఉండాలి. చవకరకాలు ఒక పిసరు పలచగా చేస్తారు, అప్పుడు రింగు చివర ఫోకస్ ఆ పడుకున్న ఎనిమిదిని కూడా దాటిపోతుంది. చివరిదాకా తిప్పి ఊరుకోకుండా చూసుకుంటూ ఆపితే చాలు. మందం పిసరు ఎక్కువైతే మాత్రం నా కనుమే నీకూను. భోగికి వారం ముందే రా. బోడసకుర్రు దగ్గర గోదావరి పాయ వైనతేయ గట్టున నిలబడి అవతలి ఒడ్డు కొబ్బరిమట్టలు ఈనె ఈనెగా కనిపిస్తున్నాయో లేదో చూద్దాం. మనూళ్ళో అంత ఖాళీ దూరం ఇంకెక్కడుంది.

తీసుకెళ్ళాక తోలుకేసులో పెట్టకు. బియ్యం డబ్బాలో అసలొద్దు, తవుడు దుమ్మంతా రింగుల్లోకి పోతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఐదొందలకొచ్చే తేమ మీటరు. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంచు. జెల్ నీలంగుళికలు గులాబీరంగుకి తిరిగితే వేయించుకో. కాలవలో దిగుతానంటే నాకు చెప్పకుండా దిగు, గుండె ఆగుతుంది. లెన్సు తడిస్తే ఇంకోటి చూసుకుందాం, నీకు ఈత రాదు.

తాళంచెవి మీ పెద్దమ్మ కొంగున ఉంది. 105 రింగు బిగువుగా ఉందని ఫోన్‌లో వీడియోలు చూసి విప్పావో, కాళ్ళు విరగ్గొడతాను.

మీ పెదనాన్న
అమలాపురం