సముద్రంలో బావి పని మా పాపకు వద్దనాలా?

ప్రశ్న: మాది తాడిపత్రి పక్క పల్లె. ఇరవై ఏళ్లుగా బోరు బండి మీద పని చేస్తున్నా. మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సముద్రంలో చమురు బావి పేలకుండా ఆపే పని నేర్చుకుంటానంటోంది. నాకు భయంగా ఉంది. ఏం చదివించాలి?

జవాబు: అన్నా, ఈ పనిలో మొదటి పాఠం పాపకు చెప్పగలిగింది మీరే. మీరు బోరులో దింపే కేసింగే అక్కడా దింపుతారు. కాకపోతే మన దగ్గర వెయ్యి అడుగులు పోయినా నీళ్లు పడలేదని ఏడుస్తాం. అక్కడ గ్యాస్ తనే పైకి తోసుకొస్తుంది. దాన్ని అణిచి ఉంచేది బావి నిండా ఉండే బరువైన మడ్, అంటే బురదలాంటి ద్రవం. ఆ బరువు చాలకపోతే గ్యాస్ బావిలోకి చొరబడుతుంది. దీన్ని కిక్ అంటారు. మడ్ తిరిగొచ్చే తొట్టిలో అది ఉన్నట్టుండి పెరిగిందంటే అనుమానించాల్సిందే. వెంటనే సముద్రం అడుగున బావి నోటికి బిగించిన బీఓపీ అనే యంత్రంతో బావి మూసెయ్యాలి.

మీ భయం ఉత్తది కాదు. మన కోనసీమ పాశర్లపూడిలో 1995లో గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు (సముద్రంలో బావి తవ్వే వేదిక) పేలి 11 మంది పోయారు. అంతకుముందే డ్రిల్ పైపులో 1,400 పీఎస్‌ఐ ఒత్తిడి కనబడింది. అయినా బావి గట్టిగా మూసుకుందో లేదో చూసే పరీక్ష సరిగానే వచ్చిందనుకున్నారు. తీరా బీఓపీలో పైపు కోసి బావి మూసే కత్తులు పడేసరికి పైపు వంగి పక్కకు జరిగి ఉంది, పూర్తిగా తెగలేదు. తర్వాత పరీక్షిస్తే బీఓపీని నడిపించే కంట్రోల్ పాడ్లలో వైరింగ్ తప్పులు బయటపడ్డాయి. సుమారు 1,500 మీటర్ల లోతున క్యాపింగ్ స్టాక్ అనే మూత బిగించి చమురు ఆపడానికి 87 రోజులు పట్టింది.

ఆ వైరింగ్ సంగతి గుర్తుపెట్టుకోండి. కత్తులు మెకానికల్ వాళ్ల పని, పాడ్లు ఎలక్ట్రానిక్స్ వాళ్ల పని. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే విశాఖలోని ఐఐపీఈ (పెట్రోలియం, ఎనర్జీ చదువుల సంస్థ), ధన్‌బాద్ ఐఐటీలో పెట్రోలియం ఇంజినీరింగ్ ఉంది. రాకపోతే దిగులొద్దు. ఈఏపీసెట్ రాసి అనంతపురం జేఎన్‌టీయూలో మెకానికల్ చదివినా ఈ రంగంలోకి పోవచ్చు. నన్నడిగితే, చమురు ధర పడినప్పుడు రిగ్గు ఉద్యోగాలు తగ్గుతాయి కాబట్టి మెకానికలే నయం. ఆడపిల్ల అని వెనక్కి లాగొద్దు; బీఓపీ డిజైను, ఫ్యాక్టరీలో దాని పరీక్షల పని ఒడ్డునే ఉంటుంది. రిగ్గు మీద డ్రిల్లర్ కావాలంటే మాత్రం ఐడబ్ల్యూసీఎఫ్ లాంటి అంతర్జాతీయ సంస్థ ఇచ్చే వెల్ కంట్రోల్ (బావిని అదుపులో ఉంచే) సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని రెండేళ్లకోసారి మళ్లీ రాసి నిలబెట్టుకోవాలి.

ఈసారి బోరు వేసేటప్పుడు పాపను పక్కన నిలబెట్టుకోండి. కింద రాయి మారగానే బండి శబ్దంలో తేడా మీకెట్లా తెలుస్తుందో చెప్పండి. ఆమె వినాల్సింది అదే.